గెలుపు గుఱ్ఱము కుంటిన నాడు

వాపును చూచి బలుపనుకొనరాదని మన పెద్దలు చెప్పుదురు. ఈ సామెత మనుష్యుల ఆడంబరమును గూర్చి పుట్టినదే కావచ్చును గాని, పందెపు గుఱ్ఱముల లాయములో దీనికి అక్షరార్థమే చెల్లును. తెల్లవాఱుజామున సాయీసు గుఱ్ఱపు ముంగాలిని అరచేతితో తడవి చూచును. మోకాలికి దిగువను, వెనుక ప్రక్కనున్న స్నాయువు నిన్నటివలెనే చల్లగను బిగువుగను ఉన్నదా? లేక వ్రేళ్ళకు గోరువెచ్చగ తగులుచు, రవంత ఉబ్బుగ నున్నదా? ఒక్కొక్కప్పుడు ఆ స్పర్శ మీదనే రాబోవు పందెముల ఋతువంతయు ఆధారపడియుండును. గొప్ప వెల పెట్టి కొన్న గుఱ్ఱము, ఏడాది పొడుగున పడిన శ్రమ, వేలాది జనుల ఆసలు - ఇవన్నియు ఆ సన్నని పట్టెడ మీద నిలిచియుండును.

పందెము నాడు ప్రేక్షకులు చూచునది రెండు మూడు నిమిషముల దౌడు మాత్రమే. ఆ దౌడునకు వెనుక జరుగు కథ వారికి కానరాదు. ఒకమాఱు గెలిచి పేరు పొందిన గుఱ్ఱము, మఱుసటి ఋతువు దగ్గఱపడుచుండగ జబ్బు పడినచో ఏమి చేయవలెను? పరుగెత్తింపవలెనా, ఆపివేయవలెనా? ఆపినచో లోకము పిఱికితనమనును. పరుగెత్తించినచో కాలు విఱుగవచ్చును. గుఱ్ఱమునకు నోరు లేదు. దాని తరపున ఈ తీర్పు చెప్పవలసినది మనుష్యుడే. ఈ వ్యాసమునకు విషయము ఆ తీర్పే.

మన సీమ - గుఱ్ఱపు గిట్టలు

కరీంనగరు, ఆదిలాబాదు సీమల వారికి గుఱ్ఱపు పందెముల ముచ్చట ఎందులకని కొందఱు అడుగవచ్చును. హైదరాబాదు మలక్‌పేటలో నున్నట్టి పందెపు మైదానము మనకు లేదు. నేటి మన బాలురకు గుఱ్ఱము కనిపించునది పెండ్లి ఊరేగింపులో, లేదా మల్లన్న స్వామి పటములలో. అయినను ఈ నేల గుఱ్ఱమునకు క్రొత్తది కాదు. 1309-10 సంవత్సరముల నడుమ మాలిక్ కాఫర్ ఓరుగల్లుపై దండెత్తి వచ్చినప్పుడు ఆ అశ్వసైన్యము దారిలో ముట్టడించిన కోటను చరిత్రకారులు నేటి సిర్పూరుగా గుర్తించుచున్నారు. అనగా ఆదిలాబాదు అడవులు, కరీంనగరు మెట్టలు ఆ గిట్టల చప్పుడును విన్నవే. తుదకు ప్రతాపరుద్రుడు సంధి చేసికొని ఇచ్చిన కప్పములో ఏనుగులతోపాటు వేలకొలది గుఱ్ఱములును ఉన్నవని ఆ కాలపు చరిత్రలు చెప్పుచున్నవి.

ఆ రోజులలో దక్షిణాపథమున రాజుల బలమును గుఱ్ఱములతో లెక్కించెడివారు. కాని ఇచ్చటి నేల, ఇచ్చటి గాలి మేలుజాతి గుఱ్ఱముల పెంపకమునకు అంతగ అనుకూలింపలేదు. అరబ్బు దేశములనుండి, పారసీకమునుండి ఓడలపై గుఱ్ఱములు వచ్చుచుండెను. 13వ శతాబ్దపు చివర మన తీరమును గూర్చి వ్రాసిన వెనిసు దేశపు యాత్రికుడు మార్కో పోలో, పాండ్య దేశపు రాజులు ఏటేట వేలకొలది గుఱ్ఱములను కొనుచున్నను, ఏడాది తిరుగునప్పటికి వానిలో మిగులునవి అతి స్వల్పమని చెప్పినాడు. అతడు చూపిన కారణము గమనింపదగినది. అచ్చట గుఱ్ఱములను సాకుట ఎఱిగినవారు గాని, వాని జబ్బులకు మందు తెలిసినవారు గాని లేరట. ధనముండి, గుఱ్ఱముండి, దానిని కాపాడు విద్య లేనిచో కలుగు నష్టమునకు ఏడువందల యేండ్ల నాటి సాక్ష్యమిది.

ఆ విద్య మన దేశమునకు తెలియనిది కాదు. అశ్వవైద్యమునకు మూలపురుషుడుగ శాలిహోత్రుని మనవారు కొలిచిరి. ఆ పేరే కాలక్రమమున హిందూస్థానీలో సాలోత్రి యను మాటయై, గుఱ్ఱపు వైద్యునికి వాడుక పేరైనది. మహాభారతమున నకులుడు అశ్వశాస్త్ర కోవిదుడు. అజ్ఞాతవాసమున అతడు విరాటుని కొలువులో గుఱ్ఱముల బాగోగులు చూచు పనిలో ప్రవేశించెను. తెనుగు భారతము చదివిన విద్యార్థులకు దామగ్రంథి యను నాతని మాఱుపేరు గుర్తుండవచ్చును. యుద్ధవీరుడైన పాండవుడు లాయపు పనిని చిన్నతనముగ నెంచలేదనుట ఇందు విశేషము.

నలోపాఖ్యానము ఇంకొక మెట్టు పైకి పోవును. బాహుకుని రూపముననున్న నలుడు రథమునకు కట్టుటకై బక్కచిక్కిన గుఱ్ఱములను ఎన్నుకొనగ ఋతుపర్ణుడు శంకించినాడు. ఈ యెముకల గూళ్ళు అంత దూరము పోగలవా యని యాతని యనుమానము. అశ్వహృదయ మెఱిగిన నలుడు వాని లక్షణములను చూపి సమాధానము చెప్పినాడు. వాపును చూచి బలుపనుకొనుట ఎట్టి పొరపాటో, సన్నదనమును చూచి బలహీనత యనుకొనుటయు అట్టిదే. గుఱ్ఱమును చూచుట వేఱు, గుఱ్ఱము లోపలిని చూచుట వేఱు. నేటి అశ్వవైద్యుడు యంత్రముల సాయముతో చూడయత్నించునదియు ఆ లోపలినే.

వేగమునకు చెల్లించు వెల

ఇంతకును పందెపు గుఱ్ఱము ఇంత సుకుమారమైనది ఎందులకు? నేడు ప్రపంచమంతట పెద్ద పందెములలో పరుగెత్తు థరోబ్రెడ్ జాతి గుఱ్ఱములన్నియు తండ్రి వరుసలో ముగ్గురు మూలపురుషులకు చేరును. 17వ శతాబ్దపు చివరను 18వ శతాబ్దపు తొలిభాగమునను ఇంగ్లండునకు చేరిన తూర్పుదేశపు పోతుగుఱ్ఱములవి. మూడువందల యేండ్లుగ మనుష్యుడు ఈ జాతిలో కోరి పెంచిన గుణము వేగమొక్కటే. గుండె పెరిగినది, ఊపిరితిత్తులు పెరిగినవి, తొడల కండరములు పెరిగినవి. కాని కాలి క్రిందిభాగము మాత్రము సన్ననిదిగనే నిలిచినది.

ఆ జంతువు శరీరనిర్మాణమే ఒక యద్భుతము. విశ్రాంతిగ నున్నప్పుడు నిమిషమునకు 30 నుండి 40 మార్లు కొట్టుకొను గుండె, పరుగు మధ్య 220 మార్లు కూడ కొట్టుకొనగలదు. ప్లీహములో దాచియుంచుకొనిన ఎఱ్ఱ రక్తకణములను అవసరము వచ్చినప్పుడు అది నెత్తుటిలోనికి విడుచును. దౌడులో ప్రతి అంగకు ఒక్క శ్వాస. అది నోటితో గాలి పీల్చలేదు. ముక్కు ఒక్కటే దారి. అందుచేత మనకు పడిసెము పట్టినచో రెండు దినముల చికాకు. పందెపు గుఱ్ఱమునకు పట్టినచో కొన్ని వారముల సాధన పోయినట్లే.

ఇక కాలు. నాలుగైదు వందల కిలోల బరువుగల గుఱ్ఱము గంటకు 60 కిలోమీటర్లకు పైబడిన వేగమున పోవుచుండగ, ఒకానొక క్షణమున దాని భారమంతయు ఒక్క కాలిపైననే పడును. ఆ క్షణమున కాలిపై పడు ఒత్తిడి దాని బరువునకు సుమారు రెండున్నర రెట్లు. మోకాలికి దిగువను ఆ కాలికి కండ లేదు. ఎముక, స్నాయువు, చర్మము - అంతే. ఆ స్నాయువు రబ్బరు పట్టెడవలె సాగి మరల ముడుచుకొనును. అట్లు సాగి ముడుచుకొనుటలో పుట్టిన వేడిమికి దాని నడిమి భాగము 45 డిగ్రీల వఱకు కాగునని శాస్త్రజ్ఞులు కొలిచి చూచినారు. రామగుండము ఎండలు తెలిసినవారికి 45 డిగ్రీలనగ నేమో వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆ యెండ గుఱ్ఱపు కాలిలోపలనే కాయును. అట్టి వేడిమికి, ఒత్తిడికి మాటిమాటికి లోనైన స్నాయువులో సన్నని పోగులు ఒక్కొక్కటిగ తెగిపోవుచుండును. పైకి ఏమియు తెలియదు. ఒకనాటి ఉదయమున చేతికి వెచ్చదనము తగులును.

తెగిన స్నాయువు అతుకుకొనును గాని మునుపటివలె అతుకుకొనదు. చిరిగిన చీరకు వేసిన మాసిక వలె అచ్చట మచ్చకట్టిన కణజాలము ఏర్పడును. దానికి మునుపటి సాగుదల ఉండదు. అందుచేత తొమ్మిది నెలలు, ఏడాది, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు విశ్రాంతి ఈయవలసి యుండును. ఆ పిమ్మటను అదే చోట మరల తెగుట తఱచు. గుఱ్ఱము పందెములలో పరుగెత్తు వయస్సే నాలుగైదేండ్లు; అందులో ఒక యేడు పోయెననగ నెంత నష్టమో ఊహించుకొనవచ్చును.

కీలెఱిగి వాత

మన పల్లెలలో ఎద్దు కాలు బెణికినచో ఇనుపకడ్డీ కాల్చి వాత పెట్టు నాచారము నిన్న మొన్నటి వఱకు నుండెను. కీలెఱిగి వాత పెట్టవలెనను నానుడి ఆ వైద్యము నుండియే వచ్చినది. వింతయేమనగ, ఈ వైద్యము మన పల్లెలది మాత్రమే కాదు. ఇంగ్లండు, అమెరికా దేశముల ధనవంతుల లాయములలోను పందెపు గుఱ్ఱముల స్నాయువులకు కాల్చిన సూదులతో వాతలు పెట్టించెడివారు. ఇట్లు కాల్చినచో రక్తప్రసారము హెచ్చి దెబ్బ త్వరగ మానునని వారి నమ్మకము.

1980ల తొలినాళ్ళలో ఇంగ్లండులోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు దీనిని పరీక్షించి చూచి, వాత వలన స్నాయువునకు మేలు లేదని తేల్చిచెప్పిరి. మఱి ఇన్ని తరములవారు దానిని ఏల నమ్మిరి? కారణము సులభమైనది. వాత పెట్టిన గుఱ్ఱమును నెలల తరబడి పరుగెత్తింప వీలులేదు. ఆ నెలల విశ్రాంతియే గుఱ్ఱమును బాగుచేసినది; కీర్తి మాత్రము కాల్చిన ఇనుమునకు దక్కినది. యజమానికి ఉత్తచేతులతో వేచియుండుట కష్టము. ఏదో ఒకటి చేసితిమను తృప్తి కావలెను. ఆ తృప్తికై నోరులేని జీవము మంటను భరించినది.

నేడు ధ్వనితరంగములతో స్నాయువు లోపలిని తెరపై చూచు పరికరములున్నవి. పోగులెంతవఱకు తెగినవో, ఎంతవఱకు అతుకుకొన్నవో వైద్యుడు కంటితో చూచి చెప్పగలడు. కాని విశ్రాంతికి బదులు నిలుచు మందు నేటికిని పుట్టలేదు.

లేచి వచ్చినవి, లేవలేకపోయినవి

గుఱ్ఱపు పందెముల చరిత్రలో జబ్బుపడి తిరిగి లేచిన వీరాశ్వములు కలవు. వానిలో అమెరికా దేశపు సీబిస్కట్ కథ ప్రసిద్ధము. 1933లో పుట్టిన ఈ గుఱ్ఱము రెండేండ్ల ప్రాయముననే 35 పందెములలో పరుగెత్తి అలసినది. 1936లో చార్లెస్ హోవార్డ్ అనునాతడు దానిని కొనగ, టామ్ స్మిత్ అను మితభాషియైన శిక్షకుడు దాని మనస్సు నెఱిగి మచ్చిక చేసినాడు. 1938 నవంబరు 1వ తేదీన వార్ అడ్మిరల్ అను మేటి గుఱ్ఱముతో జరిగిన జోడుపందెమున సీబిస్కట్ నాలుగు గుఱ్ఱముల నిడివి ముందుగ గెలిచినది. ఆర్థికమాంద్యపు రోజులలో నలిగియున్న సామాన్య ప్రజలకు ఈ పొట్టి గుఱ్ఱము గెలుపు తమ గెలుపువలె తోచినది.

నాలుగు నెలలు గడువకమునుపే, 1939 ఫిబ్రవరిలో, పందెపు నడుమ దాని ఎడమ ముంగాలిలో కీలును నిలబెట్టు బంధనము తెగినది. దాని రౌతు పొలార్డ్ అంతకు ముందే కాలు విఱిగి మంచము పట్టియుండెను. కుంటి గుఱ్ఱము, కుంటి రౌతు ఒకే పశుక్షేత్రమున కలిసి కోలుకొనసాగిరి. మొదట మెల్లని నడక, పిమ్మట కొంచెము దూరము స్వారి, ఆ పిమ్మట దౌడు. నెలలు గడచినవి. 1940 మార్చి 2వ తేదీన, ఏడేండ్ల వయస్సున, అంతకు ముందు 1937లోను 1938లోను ముక్కువాసి తేడాతో తప్పిపోయిన శాంటా అనీటా పందెమును అదే రౌతుతో సీబిస్కట్ గెలిచినది. ఆ వెంటనే హోవార్డ్ దానికి పందెములనుండి విరామ మిచ్చెను. లోకము గెలుపును మెచ్చుకొన్నది. మనము ఆ గెలుపునకు ముందు గడచిన ఏడాది ఓపికను, దాని తరువాత చూపిన నిగ్రహమును మెచ్చుకొనవలసియున్నది.

ఇంగ్లండులో రెడ్ రమ్ అను గుఱ్ఱమునకు గిట్టలోపలి యెముకకు జబ్బు చేసినది. గిట్ట లేనిదే గుఱ్ఱము లేదని అశ్వపాలకులందురు. అట్టి గిట్టకే చేటు వచ్చినది. దాని శిక్షకుడు గట్టినేలను విడిచి, సౌత్‌పోర్టు సముద్రతీరపు తడి యిసుకలో దానిని పరుగెత్తించెను. ఉప్పునీరు, మెత్తని యిసుక దానికి మేలుచేసినవి. కఠినమైన గ్రాండ్ నేషనల్ పందెమును అది 1973, 1974, 1977 సంవత్సరములలో మూడుమార్లు గెలిచినది.

మిల్ రీఫ్ కథ వేఱొక తీరు. 1971లో ఇంగ్లండు డెర్బీని, పారిసులోని ఆర్క్ పందెమును గెలిచిన ఈ గుఱ్ఱము 1972లో అంటుజబ్బున పడి కొన్ని పందెములకు దూరమైనది. కోలుకొని మరల ఆర్క్‌నకు సిద్ధమగుచుండగ ఆగస్టు 30వ తేదీన సాధనలో ముంగాలు విఱిగినది. అంతకు ముందైనచో అట్టి గుఱ్ఱమునకు తుపాకిగుండే మందు. దాని యజమాని మాత్రము శస్త్రచికిత్స చేయించెను. అది మరల పందెమున పరుగెత్తలేదు, కాని బ్రదికినది. దాని పిల్లలలో షర్లీ హైట్స్ 1978లోను, రిఫరెన్స్ పాయింట్ 1987లోను డెర్బీని గెలిచినవి. పరుగు పోయినంత మాత్రమున బ్రదుకు పోవలసిన పనిలేదని అది లోకమునకు చూపినది.

అన్ని కథలును ఇట్లు ముగియవు. 2006 మే నెలలో కెంటకీ డెర్బీని ఆఱున్నర గుఱ్ఱముల నిడివితో గెలిచిన బార్బరో, రెండు వారములకు జరిగిన ప్రీక్నెస్ పందెపు ఆరంభముననే కుడి వెనుకకాలు విఱుగగొట్టుకొన్నది. వైద్యులు పలకయు, రెండు డజనులకు పైగ మరలును బిగించి ఎముకను నిలబెట్టిరి. విఱిగిన కాలు మానుచుండెను. కాని గుఱ్ఱము మూడుకాళ్ళ మీద బ్రదుకదగిన జంతువు కాదు. బరువంతయు ఆనిన ఎడమ వెనుకకాలి గిట్టకు లామినైటిస్ అను వ్యాధి వచ్చినది. గిట్టను ఎముకకు అంటిపెట్టుకొనియుండు పొరలు విడిపోవుట దాని లక్షణము. ఎనిమిది నెలలు పోరాడి, 2007 జనవరి 29వ తేదీన ఇక బాధ తగ్గించు దారి లేదని తోచి దానికి ప్రశాంతమైన మరణమిచ్చిరి. చెడిన కాలికంటె దానిని కాపాడబోయిన మంచి కాలు దాని ప్రాణము తీసినది. సంసారములలోను ఇట్టివి కలవని పాఠకులు ఎఱుగుదురు.

ఋతువునే మ్రింగిన జబ్బులు

ఒక్క గుఱ్ఱముతో పోని జబ్బులును కలవు. అశ్వములకు వచ్చు ఇన్‌ఫ్లూయెంజా అట్టిది. ఒక గుఱ్ఱము దగ్గినచో లాయమంతయు దగ్గును. 2007 ఆగస్టులో ఆస్ట్రేలియా దేశమున ఈ జబ్బు మొట్టమొదటిమారు ప్రవేశించి, సిడ్నీ నగరపు వసంతకాలపు పందెములను రద్దు చేయించినది. మన దేశమున 1987లో ఒకమాఱు, 2008లో మరల ఒకమాఱు ఈ జబ్బు ప్రబలినది. రెండవమారు జమ్మూ ప్రాంతమున మొదలై పలు రాష్ట్రములకు ప్రాకినది. అంతకు ముందు, 1960 ప్రాంతమున, ఆఫ్రికా అశ్వవ్యాధి పశ్చిమాసియా మీదుగ మన దేశమునకు వచ్చి వేలకొలది గుఱ్ఱములను బలిగొన్నది. అది దోమజాతి కీటకముల వలన వ్యాపించునది.

ఇట్టి జబ్బులకు పేదగుఱ్ఱము, ధనికగుఱ్ఱము అను భేదము లేదు. పందెపు గుఱ్ఱమునకు టీకాలు వేయింతురు; జట్కాకు కట్టిన గుఱ్ఱమునకు, ఇటుకబట్టీలో మోయు గాడిదకు ఎవరు వేయింతురు? కాని అంటువ్యాధి బీదవాని గుఱ్ఱములో మొదలై గొప్పవాని లాయమునకు చేరగలదు. 1985లో హర్యానాలోని హిస్సారున స్థాపింపబడిన జాతీయ అశ్వ పరిశోధన కేంద్రము రోగనిర్ణయమును, టీకాలను గూర్చి పనిచేయుచున్నది. మన ఉమ్మడి కరీంనగరు జిల్లాకు చెందిన కోరుట్లలోను పశువైద్య కళాశాల యున్నది. అది ఈ జిల్లాబిడ్డయైన పి.వి. నరసింహారావు పేర వెలసిన పశువైద్య విశ్వవిద్యాలయమునకు చెందినది. సాలోత్రి విద్య నేర్వగోరు మన బాలబాలికలకు ఆ తలుపు ఇంటి ముంగిటనే తెఱచియున్నది.

హైదరాబాదు పందెములు

మన రాజధానిలో పందెములు నిజాముల నాటివి. 1868లో మౌలాలిలో మొదలై, 1886లో ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్ కాలమున మలక్‌పేటకు వచ్చినవి. 1911లో ఆయన మరణానంతరము సికింద్రాబాదునకు తరలి, 1968లో మరల మలక్‌పేటను చేరినవి. తొలకరి తరువాత వర్షఋతువు పందెములు, ఆ పిమ్మట శీతకాలపు పందెములు - ఇది అచ్చటి క్రమము. మన నడివేసవిలో పందెములు లేకపోవుటకు అర్థము తెలిసినదే. చెమట ధారగ కార్చు గుఱ్ఱమునకు తెలంగాణపు ఎండ ప్రాణాపాయము. అందుచేత వేసవి చివర, మబ్బులు క్రమ్ముచున్న రోజులలో, ప్రతి లాయములోను ఒకే ప్రశ్న పుట్టును: ఈ యేడు కాలు నిలుచునా?

ఆ ప్రశ్నకు నిజమైన సమాధానము చెప్పనీయని శక్తులు పెక్కులు. యజమాని పెట్టుబడి, శిక్షకుని పేరు, రౌతు కూలి, పందెము కాయువారి ఆశ - అన్నియు పరుగెత్తింపుమనియే చెప్పును. పరుగెత్తవద్దని చెప్పునది ఆ వెచ్చని స్నాయువు ఒక్కటే. దాని మాటను నొక్కివేయుటకును మందులున్నవి. నొప్పి తెలియకుండ చేయు మందు ఇచ్చినచో కుంటుట ఆగును. దెబ్బ మాత్రము ఆగదు. నొప్పి యనునది దేహము వేయు కేక. కేక వినబడకుండ నోరు మూసినంతలో ఇంటిలోని మంట ఆఱదు. నొప్పి తెలియని కాలిని గుఱ్ఱము బలముగ మోపును, ఎముక విఱుగును, ఆ వేగమున పడినచో మీది రౌతు ప్రాణమునకును ముప్పే. 1968లో కెంటకీ డెర్బీలో మొదట వచ్చిన డాన్సర్స్ ఇమేజ్ అను గుఱ్ఱము దేహములో అట్టి మందు కనబడినందున దాని గెలుపును కొట్టివేసిరి. ఆ గుఱ్ఱమునకు చీలమండల బాధ యుండెడిది. మన దేశపు పందెపు సంస్థల నియమములును పందెమునాడు ఇట్టి మందులను నిషేధించుచున్నవి. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము, జబ్బుపడిన పశువును దానికి తగని పనికి నియోగించుటను నేరముగ చెప్పుచున్నది. ఆ చట్టము పందెపు గుఱ్ఱమునకెట్లో పాలేరు తోలు ఎద్దునకును అట్లే.

పొలాల పాఠము

ఈ సందర్భమున మన సీమలోని యొక యాచారము గుర్తునకు వచ్చుచున్నది. శ్రావణ బహుళ అమావాస్యనాడు ఆదిలాబాదు పల్లెలలో పొలాల పండుగ జరుగును. ఆనాడు ఎద్దుమెడపై కాడి మోపరు. వానిని కడిగి, కొమ్ములకు రంగులు పూసి, జూలు కప్పి, భక్ష్యములు తినిపించి, ఊరి హనుమంతుని గుడిచుట్టు త్రిప్పుదురు. దుక్కి దున్ని, విత్తులు వేసి, గుంటుకలు తోలి అలసిన ఎద్దునకు రైతు చూపు కృతజ్ఞత అది. పని చేయించుకొనువానికి పని ఆపించు ధర్మమును కలదని ఆ పండుగ నేర్పుచున్నది. నాలుగక్షరములు రాని రైతునకు తెలిసిన ఈ నీతి, కోట్లు పెట్టి గుఱ్ఱమును కొన్న ధనవంతునకు తెలియకుండుట భావ్యమా?

గుఱ్ఱమునకు మనము పడిన ఋణము పందెములతో తీరునది కాదు. మన ప్రాంతపు రైతుకూలీ చేనిలో పాము కఱచినచో ఆసుపత్రిలో ఎక్కించు విరుగుడు మందు ఎచ్చటినుండి వచ్చుచున్నది? గుఱ్ఱమునకు కొంచెము కొంచెముగ పాము విషమెక్కించి, దాని నెత్తుటిలో పుట్టిన ప్రతిక్రియా పదార్థమును శుద్ధిచేసి ఆ మందును తయారుచేయుదురు. ఎన్నడును గుఱ్ఱమెక్కి యెఱుగని బీదవాడు గుఱ్ఱపు నెత్తుటి వలన బ్రదుకుచున్నాడు.

గుఱ్ఱము గ్రుడ్డిదైనను దాణా తప్పదని మనవారందురు. పని లేనివానికి తిండిదండుగ యను అర్థమున దీనిని వెక్కిరింపుగ వాడుట పరిపాటి. కాని ఆ మాటను వెక్కిరింపు లేకుండ మరల ఒకమాఱు చదివి చూడుడు. అందొక ధర్మశాస్త్రమే యున్నది. చూపున్ననాడు ఎక్కి తిరిగినవాడు చూపు పోయిననాడు దాణా పెట్టవలెను. గెలిచిననాడు మెడలో దండ వేసినవాడు కుంటిననాడు కాలు పట్టవలెను. ఒక ఋతువు పోయినచో మఱియొక ఋతువు వచ్చును. విఱిగిన కాలు మాత్రము మరల రాదు. రాబోవు తొలకరికి ఏ లాయములోనైనను ఒక శిక్షకుడు వెచ్చని స్నాయువుపై చేయి వేసి, యజమాని ముఖము చూడకుండ, "ఈ యేడు వలదు" అని చెప్పగలిగినచో, అతడు ఆనాడు చేసినది పందెము గెలుచుటకంటె తక్కువ పని కాదు.